మూడో పేరు

విన్నిపెగ్,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రేమగల సమూయేలన్నకు, గ్రేసు వదినకు, చెల్లెలు దయామణి వందనాలు. మీరిద్దరూ, పిల్లలూ దేవుని దయవల్ల ఒంట్లో బాగుండి, వేళకు తింటూ, వేళకు నిద్రపోతున్నారని తలుస్తున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? చలికాలం పొద్దున్నే చన్నీళ్ళలో గిన్నెలు తోమవద్దని చెప్పు. నేను బాగున్నాను. ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట రాస్తానని నువ్వు నవ్వుతావు. ఈసారి ఉత్తరం పొడుగు చూసి కంగారు పడతావేమోనని మళ్ళీ రాస్తున్నాను, నిజంగానే బాగున్నాను.

ఒక్క మనవి అన్నా. ఈ ఉత్తరం వదినకు మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించు. నీకు తెలిసిన సంగతులు కూడా నేను విడమరిచి రాస్తున్నది అందుకే. ఆమెకు మనం చెప్పనిది ఒకటుంది. ఇన్నేళ్ళూ నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ముందు ఇక్కడి కబుర్లు రాస్తాను. చలి గురించి రాస్తే నువ్వు నమ్మవు. మన ముద్దనూరు రోడ్డులో మే నెల ఎండ మొహాన కొట్టినట్టు ఇక్కడ చలి కొడుతుంది. బస్సు కోసం నిలబడితే కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుంటాయి. డిసెంబరులో ఒక శాలువా కప్పుకొని గుడికి పోతూ, అబ్బ ఏం చలి అనుకునేవాళ్ళం కదా. అది తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఇంట్లో మాత్రం వెచ్చగానే ఉంటుంది. గోడ పక్కన ఇనుప గొట్టాల్లో వేడినీళ్ళు పారుతుంటాయి. తడిసిన చేతి తొడుగులు వాటి మీదే ఆరేసుకుంటాను.

పని అదే, ముసలివాళ్ళ ఆశ్రమంలో. పన్నెండేళ్ళు ఆసుపత్రిలో సూదులేసిన చేతికి ఇక్కడ సూది పట్టే హక్కు లేదు. పరీక్ష రాసి గెలవాలి. చదువుతున్నాను. అప్పటిదాకా స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం, పక్కలు మార్చడం. అలవాటైన పనే. నా వార్డులో ఒక అవ్వ నన్ను చచ్చిపోయిన తన కూతురి పేరుతో పిలుస్తుంది. మొదట్లో కాదని చెప్పేదాన్ని. ఇప్పుడు పలుకుతున్నాను.

తిండికి లోటు లేదు. బజారులో అన్నీ దొరుకుతాయి, రుచి మాత్రం దొరకదు. రాగిపిండి దొరికింది, సంగటి కెలికాను, ముద్ద కట్టింది కానీ దానికి తోడు రోట్లో నూరిన ఊరిమిండి లేదు. నీకు వీలైతే ఒక పొట్లం ఉలవలూ, వదిన దంచిన శనక్కాయల పొడీ పంపించు. నాన్న వాడిన కీర్తనల పుస్తకం కూడా పంపు, అట్ట ఊడిపోయిందే, అది. ఇక్కడ గుడిలో అంతా ఇంగ్లీషులో పాడతారు. నేను నోట్లోనే తెలుగులో పాడుకుంటాను. రెండో చరణం వచ్చేసరికి మరిచిపోతున్నాను.

ఇక అసలు సంగతి.

క్రిస్మసు అయిపోయాక ఇక్కడ పొద్దు నాలుగున్నరకే కుంకుతుంది. పని, ఇల్లు, మళ్ళీ పని. నా మొహం చూసి మా పై నర్సు హెలెన్ ఒకరోజు, ఇట్లా గదిలో కూర్చుంటే మనసు పాడవుతుంది, బయటికి పో అంది. ఈ పేటలో ప్రతి చలికాలం ఒక ఆట పెడతారు. జనం ఇళ్ళలో ముడుచుకొని దిగులు పడకుండా ఉండడానికట. శుక్రవారం సాయంత్రం లైబ్రరీ తలుపుకు ఒక కాగితం అంటిస్తారు. దాని మీద పొడుపుకథ లాంటి నాలుగు మాటలుంటాయి. ఊళ్ళో ఉన్న పార్కుల్లో ఎక్కడో ఒకచోట అరచేయంత ఎర్ర చెక్కబిళ్ళ దాచి ఉంటారు. ఆ నాలుగు మాటలు విప్పుకొని, శనివారం పోయి మంచులో వెతకాలి. అట్లా అయిదు వారాలు. దొరికిన వాళ్ళ పేరు లైబ్రరీ పలక మీద రాస్తారు, అంతే. హెలెన్ నా పేరు తనే రాయించేసింది.

మొదటి కాగితం చదివినప్పుడు నాకు మన పెన్నేరు ఇసుక గుర్తొచ్చింది. ఎండాకాలం ఏట్లో నీళ్ళు లేనప్పుడు నువ్వు ఇసుకతో పొడుగ్గా కట్ట పోసి, అందులో చీపురు పుల్ల దాచి, అదున్న చోటును చేతులతో మూయమనేవాడివి. నేను ఎక్కడ మూసినా పుల్ల అక్కడ ఉండేది కాదు. నేను చూడకుండా పుల్ల తీసి చెవి వెనక పెట్టుకునేవాడివని నాకు పెళ్ళయ్యాక చెప్పావు. లైబ్రరీ మెట్ల మీద నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ కాగితంలో ఉన్నది మన మాటల్లో చెప్తే ఇది. నాకు నాలుగు కాళ్ళు, నడవను. చేతులు గాలిలో. వేసవిలో అందరూ నన్ను తోస్తారు, చలికాలం ఒంటరిగా కిర్రుమంటాను. నా ఎదురుగా ఒంటికాలి మీద నీళ్ళు నిలబడి ఉంటాయి. ఒంటికాలి మీద నీళ్ళంటే నీళ్ళ ట్యాంకని తెలిసింది. బస్సులో రోజూ చూసేదే. నాలుగు కాళ్ళంటే బెంచీ అనుకొని, ట్యాంకు ఎదుటి పార్కులో బెంచీలన్నీ ఊడ్చినంత పని చేశాను. ఏమీ లేదు. అప్పుడు ఉయ్యాల దిక్కు నుంచి ఒక మాట వినబడింది.

"థూ, యాడ దాపెట్టినారో, కండ్లకు ఆనదే."

అన్నా, ఆ మాట విని నేను కదలలేకపోయాను. చుట్టూ అంతా తెలుపు, అందులో మన మాట. ఒకామె, యాభై దాటి ఉంటుంది, మగవాళ్ళ కోటు తొడుక్కొని, తలకు ఉన్ని శాలువా చుట్టుకొని, చీర కుచ్చిళ్ళు బూట్లలోకి దోపుకొని, ఉయ్యాల కింద వంగి మంచు కెలుకుతోంది. దగ్గరికి పోయి, కింద కాదక్కా, గుంజ మొదట్లో చూడు అన్నాను. ఆమె నడుము పట్టుకొని లేచి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు యాడిదానివి మే?"

జమ్మలమడుగు అన్నాను. చేతి తొడుగులతోనే నా రెండు చెంపలూ పట్టుకుంది.

"మాది పులివెందుల కాడ, తుమ్మలపల్లె పక్కన. శానా దగ్గరోళ్ళమే."

ఆమె పేరు ఓబులమ్మ. గొర్రెలు కాచుకునే వాళ్ళ ఇంటి ఆడబిడ్డ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఇక్కడ ఒక డాక్టరు ఇంట్లో వంటకు వచ్చింది. వాళ్ళదీ పులివెందులే. ఇంట్లో ఊరికే ఉండలేక తిరుగుతుంటే, డాక్టరు భార్య ఈ ఆట సంగతి చెప్పి పంపించిందట. దగ్గరోళ్ళమే అన్న మాట మీద నేను ఇంటికి వచ్చాక కూడా ఆలోచించాను. జమ్మలమడుగు నుంచి తుమ్మలపల్లెకు బస్సులో పూట పట్టదు. కానీ మనకు అది దేశాంతరం. ఏ ఊరు ఏ పార్టీదో, ఏ మలుపులో జీపు ఆపుతారో తెలుసుకొని పోవాల్సిన దారి. ఆ రోజు ఆమె నన్ను ఏ పార్టీ వాళ్ళని అడగలేదు. నేనూ అడగలేదు. గుంజ మొదట్లో బిళ్ళ లేదు, మాకంటే ముందే ఎవరో తీసుకుపోయారు. అయినా ఇద్దరం సంతోషంగానే ఇళ్ళకు పోయాం.

రెండో వారం ఇద్దరం కలిసే పోయాం. నేను ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పాను. అందరూ బట్టలు విప్పినా నేను విప్పను, నా కింద మంచు పలచన, నా వెనక నీళ్ళు రాయిలా నిద్రపోతున్నాయి. ఓబులమ్మ నవ్వి, ఇది పొడుపుకథే కదా, మా అవ్వ ఇట్లాంటివి వంద చెప్పేది అంది. ఆకు రాలని చెట్టు, దాని వెనక గడ్డ కట్టిన చెరువు. అట్లాంటి పార్కు ఒకటి ఆశ్రమం వెనకే ఉంది. కానీ అక్కడ ఆకు రాలని చెట్లు నలభైకి తక్కువ లేవు. నేను ఒక్కో చెట్టూ తడుముతుంటే ఆమె ఒకచోట నిలబడి నేలను చూస్తోంది.

మంద నుంచి పొట్టేలును దొంగిలించుకుపోయేవాడు అడుగులు కనబడకుండా కొమ్మతో ఊడుస్తాడట. అడుగు కంటే ఆ కొమ్మ గీతే బాగా దారి చెప్తుందట. అట్లా చెప్తూ మంచు మీద నాకు కనబడని సన్న గీతల వెంట పోయి, మూడో వరసలో ఒక చెట్టు మొదట్లో చెయ్యి పెట్టి ఎర్రబిళ్ళ తీసింది. చుట్టుపక్కల వెతుకుతున్న వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎన్నాళ్ళకో మనస్ఫూర్తిగా నవ్వాను అన్నా.

చెరువు గట్టున బెంచీ మీద కూర్చున్నాం. ఆమె గుడ్డలో చుట్టి రొట్టెలు తెచ్చింది, మధ్యలో ఎర్రకారం పూసి. మొదటి తుంపు తినగానే నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి, కారానికి అన్నాను. తను బిళ్ళను చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ చెప్పింది.

"మా చెన్నడు ఉంటే నాకంటే ముందు పసిగట్టేవాడు."

చెన్నడెవరక్కా అన్నాను. తమ్ముడట, చెన్నయ్య. ఇప్పుడు ఎక్కడున్నాడంటే, కడప జైల్లో అంది. నేను ఇంకేమీ అడక్కుండానే అంతా చెప్పింది. ఏడేళ్ళ కిందట ఎలక్షన్ల నాడు ముద్దనూరు రోడ్డులో ఒక జీపు మీద బాంబులు వేశారు. డ్రైవరు చచ్చిపోయాడు. ఆ రోజు చెన్నయ్య ఊళ్ళోనే లేడు, మందను తోలుకొని పాలకొండల మీద ఉన్నాడు. మూడు రోజుల తరువాత దిగివస్తే గొర్రెల దొడ్డి దగ్గరే పట్టుకున్నారు. అదే కేసులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళను వాళ్ళ నాయకుడు జామీను మీద విడిపించుకున్నాడు. చెన్నయ్యకు జామీను నిలబడే వాళ్ళు లేరు. కేసు వాయిదాలు పడుతూనే ఉంది, వాడు లోపలే ఉన్నాడు. డాక్టరు మామగారికి పెద్ద వకీళ్ళు తెలుసని, ఆయన మాట సాయం చేస్తానన్నాడని, అందుకే ఇంత దూరం వంటకు వచ్చానని చెప్పింది.

"ఏసురత్నం అంట ఆ డ్రైవరు. చచ్చిపోయేముందు పెండ్లానికి పేర్లు చెప్పినాడంట. ఆమె ఆసుపత్రిలో నర్సు. ఆమె మొగం నేను యాన్నాడూ చూడలా."

నా మొహం మీదే ఆమె చూపు ఉంది. చేతిలో రొట్టె తిరిగి గుడ్డలో పెట్టేశాను. నాకు చలేస్తోందని అనుకొని తన శాలువా విప్పి నాకు కప్పింది.

వదినా, ఇక్కడి నుంచి నువ్వు జాగ్రత్తగా వినాలి. ఆ రోజు ఏం జరిగిందో నీకు ముక్కలుగానే తెలుసు. రత్నానికి పార్టీలతో పనిలేదు. మన పక్క నాయకుడి ఎలక్షన్ పనికి జీపు బాడుగకు పిలిచారు, పోయాడు. మధ్యాహ్నం నేను డ్యూటీలో ఉండగా ఆయన్ను మంచం మీద వేసుకొని తెచ్చారు. అరగంట కూడా లేడు. నా చెవి తన నోటి దగ్గరికి లాక్కొని రెండు పేర్లు చెప్పాడు. "వాళ్ళిద్దరే, బాగా చూసినా" అన్నాడు. నీళ్ళడిగాడు. అంతే.

పోలీసులు వచ్చేలోపల మన పక్క నాయకుడి మనుషులు వరండాలోకి వచ్చారు. ఇంకో పేరు కలిపి చెప్పమన్నారు. గొర్రెల చెన్నయ్య. ఎందుకంటే అతను పాత కేసు ఒకదాంట్లో వీళ్ళకు ఎదురు సాక్ష్యం చెప్పాడు. నేను రత్నం అనలేదన్నాను. వాళ్ళు నన్ను బెదిరించలేదు, అన్న వైపు చూశారు. అన్న నా చెయ్యి పట్టుకొని, చెప్పు మణీ, మనం ఈ ఊళ్ళో బతకాల అన్నాడు. నేను మూడు పేర్లు చెప్పాను. రాసుకున్నారు. సంతకం పెట్టాను.

అన్నా, నిన్ను నిందించడానికి రాయడం లేదు. నువ్వూ భయంతోనే అన్నావు, నాకు తెలుసు. సంతకం పెట్టిన చెయ్యి నాది. తరువాత కోర్టు వరండాలో ఆ మనిషిని ఒకసారి చూశాను, గొంగళి భుజాన వేసుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా నేల చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడికి వచ్చిన మూడేళ్ళలో ఆ మొహం మరిచిపోయాననుకున్నాను.

సరిగ్గా ఆ వారమే, మంగళవారం నాడు, నీ ఉత్తరం, దానితోపాటు రాజీ కాగితం అందాయి. ఇద్దరు నాయకులూ ఇప్పుడు ఒకే జెండా కిందికి వచ్చారని, ప్రొద్దుటూరులో ఒకే స్టేజి మీద దండలు వేసుకున్నారని, పాత కేసులన్నీ రెండు పక్కలా తీసేసుకుంటున్నారని రాశావు. నా భర్త నాకు ఏ పేరూ చెప్పలేదని ఆ కాగితం కింద సంతకం పెట్టి పంపిస్తే చాలు, మన ఇంటికి ఇక ఎవరి పోరూ ఉండదని రాశావు. వదిన కూడా బతిమాలిందని రాశావు.

నిజం చెప్తాను, కలం తీశాను. సంతకం పెడితే చెన్నయ్య కూడా బయటికి వస్తాడు కదా. ఒక్క గీతతో నా పాపం కడుక్కున్నట్టు అవుతుంది, నీకూ శాంతి. మూడు రోజులు ఆ కాగితం వంటింటి బల్ల మీదే ఉంది. వంట చేసుకుంటూ దాన్ని చూసేదాన్ని. రత్నం ఆ రోజు ఊపిరి కూడగట్టుకొని రెండు పేర్లు చెప్పడానికి ఎంత కష్టపడ్డాడో నేను చూశాను. ఆ మాటకు నేను ఒకసారి ఒక పేరు తగిలించాను. ఇప్పుడు అసలు మాటే లేదనమంటున్నారు. చచ్చిపోయిన వాడి మాటను నాయకులు కొట్టుకున్నప్పుడు ఒకలా, కలుసుకున్నప్పుడు ఇంకోలా మార్చడానికి నేనెవరిని?

మూడో శనివారం వచ్చింది. ఓబులమ్మ లైబ్రరీ మెట్ల దగ్గర నా కోసం కాచుకొని ఉంది. ఆ వారం కాగితంలో మాటలు విప్పడం తేలికే. నా కింద నీళ్ళు పారవు, నా మీద బండ్లు పోవు, రెండు పక్కలనూ కలుపుతాను, ఏ పక్కకూ చెందను. పెద్ద పార్కులో గడ్డ కట్టిన వాగు మీద నడిచిపోయే చిన్న చెక్క వంతెన. దారి పొడుగునా ఆమె పులివెందుల సంత గురించి చెప్తూనే ఉంది. ఉగాదికి పొట్టేళ్ళకు రంగు పూసి తీసుకుపోయేవారట, చెన్నయ్య ఒక పొట్టేలును అమ్మడానికి మనసొప్పక మూడు సంతలు తిప్పి తిరిగి ఇంటికే తోలుకొచ్చాడట. చెప్పి చెప్పి నవ్వింది. నేను నవ్వలేక వంతెన మధ్యలో ఆగిపోయాను.

"అక్కా, ఏసురత్నం పెండ్లాన్ని నేనే."

ఆమె నడక ఆపి నా వైపు తిరిగింది. నేను ఆగకుండా చెప్పేశాను. రత్నం చెప్పింది రెండు పేర్లే, మూడోది నేనే చెప్పానని చెప్పాను.

"యాలా?" అంది. ఒక్కమాటే.

"బయపడినా."

ఆమె వంతెన కమ్మీ పట్టుకొని వాగు వైపు తిరిగింది. కొట్టినా బాగుండేది. నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"మా యమ్మ వాని కోసం చూసీ చూసీ పోయింది. మట్టి ఎయ్యడానికి కూడా వాణ్ణి పంపలేదు మే."

నేను ఆమె కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది.

"నాకు చెప్తే ఏం లాభం? నేను జడ్జినా? ఆడ చెప్పు."

అని వెళ్ళిపోయింది. మంచులో ఆమె ఒక్కతే పోతుంటే వెనక నడవడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎర్రబిళ్ళను మేము వెతకనే లేదు. నేను అక్కడ నిలబడి ఉండగానే వేరేవాళ్ళు వచ్చి, నా కాళ్ళ దగ్గరి పలక కింద నుంచి దాన్ని తీసుకొని సంతోషంగా పోయారు.

సోమవారం పనికి పోలేదు. ఏమైనా చట్టం పని ఉంటే చెప్పే ఆఫీసు ఒకటి ఇక్కడ ఉంది, అక్కడికి పోయాను. తెలుగులో రాశాను, ఇంగ్లీషులో కూడా రాశాను. నా భర్త చెప్పింది రెండు పేర్లు, అవి ఇవి. మూడో పేరు నా భర్త చెప్పలేదు. భయం వల్ల నేను చేర్చాను. దానికి వచ్చే శిక్ష నాదే. కోర్టు పిలిస్తే వచ్చి ఇదే మాట చెప్తాను. నోటరీ ముందు సంతకం పెట్టాను. నీ చేతికి పంపితే నీ మీద బరువు పడుతుందని, నేరుగా కోర్టుకు ఒకటి, చెన్నయ్య వకీలుకు ఒకటి రిజిస్టరు పోస్టులో పంపించేశాను. వకీలు అడ్రసు డాక్టరు భార్యను అడిగి తీసుకున్నాను. నీకు తెలియకుండా జరిగిందని ఎవరడిగినా చెప్పు, అది నిజమే. నువ్వు పంపిన రాజీ కాగితం సంతకం లేకుండా ఇందులోనే పెడుతున్నాను.

ఇద్దరు నాయకులూ ఒకటయ్యారు కాబట్టి వాళ్ళ కోపం కూడా ఇప్పుడు ఒకటే అవుతుంది. అది నాకు తెలుసు. నిద్ర పట్టనివ్వనిది అదొక్కటే. బడికి సెలవు పెట్టి, వదిననూ పిల్లలనూ తీసుకొని వాయిదా అయ్యేదాకా ప్రొద్దుటూరులో మామ ఇంట్లో ఉండు. నా మీద కోపం ఉంటే తిట్టు, ఉత్తరం మానేయి, కానీ ఈ ఒక్క మాట విను. వదినా, నా మీద ఒట్టు, పిల్లలను నువ్వు తీసుకుపోవాలి. నన్ను క్షమించమని అడగడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

నాలుగో వారం ఓబులమ్మ రాలేదు. నిన్న అయిదో శనివారం, ఆట ఆఖరి రోజు. నేను ఒక్కదాన్నే పోయాను. ఏ పార్కో కనుక్కున్నాను, గంటన్నర వెతికాను, దొరకలేదు. కాళ్ళు తిమ్మిరెక్కి ఇంటికి వచ్చి నీళ్ళు కాచుకుంటుంటే తలుపు తట్టారు. ఓబులమ్మ. డాక్టరు భార్య చెప్పిందట, నేను అడ్రసు అడిగానని. లోపలికి రమ్మన్నాను. కోటు విప్పకుండా కుర్చీ అంచున కూర్చుంది.

నా దగ్గరున్న నకలు చదివి వినిపించాను. మూడో పేరు నా భర్త చెప్పలేదు అన్న చోట ఆపి, మళ్ళీ చదవమంది. చదివాను. ఇంకోసారి అంది. చదివాను. తరువాత కోటు జేబులో నుంచి మడిచిన కాగితం ఒకటి, కవరు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. ఆమెకు చదువు రాదు. తమ్ముడికి ఉత్తరాలు డాక్టరు భార్యే రాసిపెడుతుంది.

"ఈసారి నువ్వు రాయి" అంది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. చెన్నా, నేను బాగుండా. నువ్వు తింటాండావా. నీ దగ్గు తగ్గిందా. గొర్రెలు మామ కాడ ఉండాయి, ఈ ఈతలో పదకొండు పిల్లలు, అన్నీ బతికినాయి. ఈడ మంచు నడుం దాకా పడతాది, నువ్వు చూస్తే నవ్వుతావు. కోర్టుకు ఒక కాగితం వస్తాండాది. దాంట్లో నీ పేరు లేదు. అంతవరకూ చెప్పి ఆగింది. బొటనవేలికి సిరా పూసుకొని కాగితం కింద వేలిముద్ర వేసింది.

"ఎవరు రాసినారు అని అడుగుతాడు వాడు. పక్కన నీ పేరు రాయి. నీ మొగుని పేరూ రాయి."

రాశాను. టీ తాగి పొమ్మన్నాను. ఇప్పుడొద్దు అంది. తలుపు దగ్గర బూట్లు తొడుక్కుంటూ, వచ్చే వారం నుంచి ఆ వెతికేది లేదు కదా, శనివారాలు ఏం చేస్తావు అని అడిగింది. ఏమీ లేదక్కా అన్నాను. ఊఁ అని వెళ్ళిపోయింది.

అన్నా, ఆ ఉత్తరం నీ కవరులోనే పెట్టాను. పోస్టులో వేయవద్దు. పిల్లలను ప్రొద్దుటూరులో దించాక నువ్వే కడపకు పోయి, ములాకత్ నాడు జైల్లో అతన్ని కలువు. అతనికి చదవడం రాదు, నువ్వే చదివి వినిపించాలి. బడిలో పాఠం చదివినట్టు చదువు, నీ గొంతు బాగుంటుంది. చివర నా పేరు వచ్చిన చోట ఆగవద్దు. అది కూడా చదువు. నువ్వు నాకేమవుతావో చెప్పు. అతను ఏమన్నా ఊరుకొని విను, విని, ఒక్క మాట కూడా వదలకుండా నాకు రాయి.

మామకూ అత్తకూ నా దండాలు. గుడిలో పెద్దలందరికీ వందనాలు. పిల్లలకు ముద్దులు. మీ ప్రార్థనల్లో నన్నూ, ఆ ఇద్దరు అక్కాతమ్ముళ్ళనూ కలుపుకోండి. నాకు మీ దీవెన కావాలి అన్నా, ఇప్పుడు ఎప్పటికంటే ఎక్కువగా కావాలి.

నీ చెల్లెలు,
ఏసురత్నం భార్య,
దయామణి